పాత కోళ్ల మధ్యకు కొత్త పెట్టలు: గొడవ లేకుండా, జబ్బు రాకుండా కలపడం ఎలా?

పెరట్లో కోళ్లున్న ప్రతి ఇంట్లోనూ రెండు మూడేళ్లకోసారి ఈ పని తప్పదు. పాత పెట్టలకు వయసు మీదపడి గుడ్లు తగ్గుతాయి. ఒకటి రెండింటిని ముంగిస ఎత్తుకుపోతుంది. కొత్తవి తేవాల్సి వస్తుంది. మా తిరుపతి, చిత్తూరు వైపు చాలామంది చేసేది ఒకటే. సంతలోనో, వీధిలోకి వచ్చే బండి దగ్గరో కొని తెచ్చి, చీకటి పడ్డాక గూట్లోకి తోసి తలుపు వేసేస్తారు. "పొద్దునకంతా అవే కలిసిపోతాయిలే నాయనా" అంటారు పెద్దవాళ్లు. ఒక్కోసారి కలిసిపోతాయి కూడా. కానీ చాలాసార్లు తెల్లారేసరికి కొత్త పెట్ట తల నిండా నెత్తురుతో మూలన ముడుచుకుని ఉంటుంది. లేదంటే అంతా బాగానే ఉందనుకున్న వారం పది రోజులకు పాత కోళ్లు మెడ వాల్చి, పచ్చగా పారుతూ ఒక్కొక్కటే పడిపోతాయి.

ఈ రెండు నష్టాలనూ తప్పించుకోవచ్చు. పెద్ద ఖర్చు లేదు. ఐదారు వారాల ఓపిక, ఒక ఇనుప మెష్ ముక్క, రెండు కోళ్ల గంపలు చాలు. ఈ పనిలో మనం చేసే తప్పులన్నీ తొందర వల్ల వచ్చేవే. అందుకే కింద చెప్పే ప్రతి మెట్టుకూ ఎంత సమయం పడుతుందో కూడా చెబుతున్నాను.

కోళ్లు ఎందుకు కొట్టుకుంటాయి

కోళ్ల గుంపులో ఎవరు ఎవరికి లొంగాలో ఒక వరస ఉంటుంది. మేత దగ్గరకు ముందు ఎవరు రావాలి, కర్ర మీద మంచి చోటు ఎవరిది, ఎవరు ఎవరిని పొడవచ్చు, ఇవన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బే అనే నార్వే శాస్త్రవేత్త చిన్నప్పటి నుంచి కోళ్లను గమనించి, 1921లో తన పరిశోధనలో ఈ వరసను వివరించాడు. వరస కుదిరిన గుంపులో గొడవలు తక్కువ. కింది పెట్టను పై పెట్ట ఒక చూపు చూస్తే చాలు, అది పక్కకు తప్పుకుంటుంది.

కొత్త కోడి వచ్చిందంటే ఆ వరస మళ్లీ మొదటి నుంచి తేలాలి. కోడి మరో కోడిని గుర్తుపట్టేది ముఖ్యంగా తల, తురాయి చూసి. ముఖం తెలియని కోడి వాటి లెక్కలో తమ మేతకు వచ్చిన పరాయిది. అందుకే కాస్త పొడవడం, తరమడం ఉండే తీరుతుంది. దాన్ని పూర్తిగా ఆపాలని చూడకూడదు, ఆపితే వరస ఎప్పటికీ తేలదు. ఆ గొడవ గాయాల దాకా పోకుండా చూడటమే మన పని.

ఏం కొనాలి, ఎప్పుడు కొనాలి

ఒక్క పెట్టను మాత్రం ఎప్పుడూ తేవద్దు. గుంపంతా దాని మీదే పడుతుంది. కనీసం రెండు, వీలైతే మూడు నాలుగు తెస్తే దెబ్బలు పంచుకుంటాయి, ఒకదానికొకటి తోడుగా తిరుగుతాయి.

వయసు కంటే సైజు ముఖ్యం. పాత పెట్టల సైజుకు కనీసం ముప్పావు వంతుకు వచ్చాకే కలపాలి. మామూలుగా అది మూడున్నర, నాలుగు నెలల వయసులో కుదురుతుంది. గుడ్లు పెట్టడం మొదలవడానికి ఇంకా నెలా రెండు నెలలు ఉంటుంది కాబట్టి కొత్త చోట అలవాటు పడేందుకు సమయం దొరుకుతుంది. రెండు నెలల పిల్లలు తక్కువ ధరకు వస్తున్నాయని తెస్తే వేరే గూట్లో పెంచే ఏర్పాటు ఉండాలి.

రకాన్ని బట్టి కూడా గొడవ మారుతుంది. గ్రామప్రియ, వనరాజ, గిరిరాజ లాంటివి మెతకవి. వనరాజ బరువుగా ఉంటుంది కానీ పెద్దగా తిరగబడదు. కడక్‌నాథ్ బెదురు జాతి, చిన్న శబ్దానికే గోడెక్కుతుంది. అసలు కష్టం అసీల్‌తో. పందెం జాతి కాబట్టి వాటిలో పెట్టలు కూడా ఓటమి ఒప్పుకోవు. మీ పెరట్లో ఉన్నవి అసీల్ పెట్టలైతే, తెచ్చేవి మెతక రకమైతే, రెండు గుంపులను విడిగా పెంచమనే నేను చెబుతాను. కలపాలని ఎంత ఓపిక పట్టినా కొన్ని అసీల్ పెట్టలు మారవు.

కాలం విషయానికొస్తే మన ప్రాంతంలో జనవరి, ఫిబ్రవరి అన్నిటికంటే మేలు. జూలై, ఆగస్టు కూడా పర్వాలేదు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగపోస్తూనే ఒళ్లు చల్లబరుచుకోవాలి. ఆ ఎండలో ఒకదాన్నొకటి తరుముకుంటే దెబ్బ తగలకుండానే వడదెబ్బకు చచ్చిపోతాయి. పైగా మే నెల గంగమ్మ జాతర రోజుల్లో ఎక్కడెక్కడి కోళ్లో సంతకు వచ్చి ఒకే గంపలో కలుస్తాయి. మొక్కు తీర్చడానికి కొనే కోడి సంగతి వేరు, పెంచడానికి మాత్రం ఆ రోజుల్లో కొనకండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు అసలు వానలు. నేల తడిగా ఉంటే పిల్లలకు రక్తపారుడు, దోమల వల్ల అమ్మోరు జబ్బు తేలిగ్గా వస్తాయి.

మొదటి మెట్టు: నెల రోజులు దూరంగా

ఎక్కువ మంది వదిలేసేది ఈ మెట్టునే. పొడుచుకున్న గాయం ఒక కోడికే పరిమితం, జబ్బు వస్తే పెరడు మొత్తం ఖాళీ అవుతుంది. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అంత దూరం ఎందుకు, ప్రతి ఎండాకాలం ఊళ్లలో కోళ్లను ఊడ్చుకుపోయే కొక్కెర తెగులు చాలు. దాన్నే రాణీఖేత్ అంటాం. చూడటానికి ఆరోగ్యంగా ఉన్న కోడి కూడా దాన్ని మోసుకురాగలదు.

కొత్త పెట్టలను మూడు నుంచి నాలుగు వారాలు పాత గుంపుకు వీలైనంత దూరంగా పెట్టండి. ఇంటికి రెండో వైపు, మిద్దె మీద నీడలో, తెలిసినవాళ్ల ఖాళీ షెడ్డులో, ఎక్కడైనా సరే. మన పెరళ్లలో చోటు తక్కువని తెలుసు. కనీసం గాలి, రెట్ట, నీళ్లు ఒకవైపు నుంచి ఇంకోవైపు పోకుండా చూడండి. మేత గిన్నెలు, నీళ్ల గిన్నెలు వేరు. వీలైతే చెప్పులు కూడా వేరు. రోజూ ముందు పాత కోళ్ల పని చూసుకుని ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లాలి. తిరిగి వచ్చేటప్పుడు చేతులు, కాళ్లు సబ్బుతో కడుక్కోవాలి.

ఈ నెలలో చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

తెచ్చిన రోజే ప్రతి పెట్టనూ చేతిలోకి తీసుకుని చూడండి. కళ్లలో నీరు, ముక్కులో చీమిడి, ఊపిరిలో గురగుర ఉన్నాయా? రెక్కల కింద, తోక కింద ఈకలు విడదీస్తే పేలు కనిపిస్తాయి, ఈకల మొదట్లో తెల్లగా గుడ్ల ముద్దలు ఉంటాయి. కాళ్ల మీద పొలుసులు పైకి లేచి గరుకుగా ఉంటే అది కంటికి కనిపించనంత చిన్న పురుగుల పని. వారానికి రెండు మూడు సార్లు వేపనూనె రాస్తే ఆ పురుగులు పోతాయి, పొలుసులు సర్దుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. పేలకు కట్టెల బూడిద కలిపిన పొడిమట్టి గుంత పెట్టండి, అవే పొర్లుతాయి. ఎక్కువగా ఉంటే పశువైద్యుడిని అడిగి మందు వాడాలి. బయట పొలాలకు కొట్టే పురుగుమందులు కోళ్ల మీద చల్లవద్దు.

రోజూ పొద్దున రెట్ట చూడండి. గట్టిగా, కొసన తెల్లగా ఉంటే మంచిదే. నెత్తురు కనిపిస్తే రక్తపారుడు. ఆకుపచ్చగా నీళ్లలా పారుతూ మెడ తిప్పుకుంటుంటే కొక్కెర తెగులని అనుమానించాలి.

టీకాల సంగతి అమ్మినవాళ్లను అడగండి. కొక్కెర తెగులుకు పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క వేస్తారు, నాలుగో వారంలో లసోటా అనే టీకా చుక్క మళ్లీ వేస్తారు. ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద చర్మంలో ఆర్‌2బీ సూది వేస్తారు. అమ్మోరుకు వేరే టీకా ఉంది. ఏమీ వేయలేదంటే నేరుగా ఆర్‌2బీకి వెళ్లకూడదు, అది కాస్త ఘాటైన టీకా. ముందు లసోటా వేయించి, తర్వాత ఎంత వ్యవధి ఇవ్వాలో డాక్టరు చెప్పినట్టు చేయండి. టీకా సీసా చిన్నదైనా అందులో వంద డోసులు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటాయి. ఒకసారి కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. కాబట్టి వీధిలో కోళ్లున్న నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే రోజు వేయించుకోవడం తెలివైన పని. మందుల షాపు నుంచి ఐస్‌లో పెట్టి తేవాలి, చొక్కా జేబులో తెస్తే అది పనిచేయదు. టీకా వేశాక కనీసం రెండు వారాలైనా ఆగి కలపాలి. ఏలిక పాముల మందు కూడా ఈ నెలలోనే తాగించండి, పాత కోళ్లకూ అదే సమయంలో.

నెల చివర్లో ఇంకో జాగ్రత్త తీసుకోవచ్చు. పాత గుంపులోంచి ఒక పెట్టను తెచ్చి ఐదారు రోజులు కొత్తవాటి పక్కన ఉంచండి. కొత్తవాటిలో దాగి ఉన్న జబ్బు ఉంటే ముందు దానిలో బయటపడే అవకాశం ఉంది, అప్పుడు మిగిలిన గుంపు దక్కుతుంది. ఒక పెట్టను పణంగా పెట్టడానికి మనసు ఒప్పదు, నాకు తెలుసు. కానీ ఇరవై ముప్పై కోళ్లున్నవాళ్లు ఇది చేయడం మంచిది.

ఈలోగా ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే ఉత్త చేతులతో ముట్టుకోకండి, కాలువలో వేయకండి, కోసుకుని తినకండి. పశువుల ఆసుపత్రికి చెప్పండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వాళ్లు దొరుకుతారు. తిరుపతి వాళ్లకైతే వెటర్నరీ కాలేజీ ఊళ్లోనే ఉంది.

రెండో మెట్టు: మెష్‌కు అటూ ఇటూ

నెల గడిచి అన్నీ హుషారుగా ఉంటే ఇప్పుడు పరిచయం మొదలుపెట్టాలి. పాత కోళ్లు తిరిగే చోటులోనే ఒక మూల ఇనుప మెష్‌తో అడ్డం కట్టి కొత్తవాటిని అందులో వదలండి. మెష్ కళ్లు (సందులు) అర అంగుళానికి మించకూడదు, తల దూరేంత సందు ఉంటే అవతలి నుంచి తురాయి పట్టి లాగుతాయి. పాము, ముంగిస, బావురుపిల్లి దూరకుండా మెష్ అడుగు మట్టిలో జానెడు లోతుకు పాతండి. పైన కూడా మూయాలి. శేషాచలం కొండ పక్క ఊళ్లలో గద్దలూ డేగలూ కోడిపిల్లలకు కాచుకుని ఉంటాయి. తాటాకు తడికతో అడ్డం కడితే చవకే కానీ అవి ఒకదాన్నొకటి చూసుకోలేవు, ఈ మెట్టు పెట్టిందే చూసుకోవడం కోసం.

మొదటి రెండు మూడు రోజులు పాత పెట్టలు మెడ ఈకలు లేపి మెష్ మీదకు ఎగురుతాయి. పట్టించుకోకండి. మేత గిన్నెలను మెష్‌కు అటొకటి ఇటొకటి, మొదట రెండడుగుల దూరంలో పెట్టి రోజూ కొంచెం దగ్గరకు జరపండి. ఎదురెదురుగా నిలబడి తినడం అలవాటైతే సగం పని అయిపోయినట్టే. తోటకూర కట్టనో మునగాకు రెమ్మనో మెష్‌కు కట్టేస్తే రెండు వైపుల నుంచీ పొడుచుకు తింటాయి.

దీనికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రోజులు లెక్కపెట్టకండి, గుర్తులు చూడండి. పాతవి మెష్ పక్కనే కళ్లు మూసి కూర్చుంటున్నాయా? కొత్తవి మెష్ దగ్గరకు బెదరకుండా వస్తున్నాయా? రెండూ అవునంటే తలుపు తీయవచ్చు.

చోటు సర్దడం

కలపడానికి ముందు రోజు పెరటి అమరిక మార్చండి. కర్రలు, గిన్నెలు, గుడ్ల బుట్టలు, అన్నిటినీ కొంచెం కొంచెం జరపండి. పాతవాటికి కూడా చోటు కొత్తగా అనిపిస్తే "ఇది నాది" అనే పట్టు తగ్గుతుంది.

రాత్రి కూర్చునే కర్ర మీద ఒక్కో కోడికి ఎనిమిది పది అంగుళాలు ఉండాలి. గూట్లో ఒక్కో కోడికి మూడు నాలుగు చదరపు అడుగులు, బయట పది చదరపు అడుగులు ఉంటే గొడవలు తగ్గుతాయి. ఇరుకుగా ఉంటే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. మేత, నీళ్లు కనీసం రెండు చోట్ల, ఒకదాని దగ్గర నిలబడితే రెండోది కనిపించనంత దూరంలో పెట్టండి. పై పెట్ట ఒకే సమయంలో రెండు గిన్నెలకు కాపలా కాయలేదు.

పారిపోవడానికి దారి ఉండాలి. కోడి మూలలోకి ఇరుక్కుందంటే దానికి ఇక దారి లేదు, తల మూలకు పెట్టి దెబ్బలు తింటూ ఉండిపోతుంది. అందుకే మూలల్లో ఒక పలకను వాలుగా ఆనించి వెనక నుంచి బయటకు పోయే సందు వదలండి. కోళ్ల గంప బోర్లించి, కింద రెండు ఇటుకలు పెట్టి లేపితే చిన్న పెట్టలు మాత్రమే దూరే దారి అవుతుంది. లోపల కాసిని నూకలు, నీళ్లు పెట్టండి.

తలుపు తీసే రోజు

సాయంత్రం, పొద్దు గుంకడానికి గంట గంటన్నర ముందు తీయండి. కొట్టుకోవడానికి సమయం తక్కువ, చీకటి పడితే అన్నిటికీ నిద్ర ధ్యాసే. మీకు ఖాళీ ఉన్న రోజు చూసుకోండి, ఆ గంటసేపూ అక్కడే ఉండాలి.

ముందు పాత కోళ్లను పెరట్లోకి వదిలి రాగులు, సజ్జలు, నూకలు దూరదూరంగా విసరండి. ఒకేచోట కుప్పగా వేస్తే అక్కడే యుద్ధం. అవి గింజల్లో పడ్డాక మెష్ తలుపు తీసి పక్కకు జరగండి. కొత్తవాటిని చేత్తో పట్టి మధ్యలో వదలవద్దు, వాటంతట అవే రావాలి.

రెండు పెట్టలు మెడలు నిక్కించి ఎదురెదురుగా ఎగరడం, ఒకటి తల మీద రెండు పోట్లు పొడవడం, ఓడింది పారిపోవడం, గెలిచింది నాలుగడుగులు తరిమి వదిలేయడం మామూలే. కలగజేసుకోకండి. తురాయి పట్టుకుని వదలకపోవడం, వీపు మీదెక్కి పొడుస్తూనే ఉండటం, రెండు మూడు కలిసి ఒకదాని మీద పడటం, నెత్తురు కనిపించడం, వీటిలో ఏది జరిగినా వెంటనే విడదీయాలి. ఎర్రటి నెత్తురు కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి, అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న పెట్ట కూడా. గాయపడ్డదాన్ని తీసి, నీళ్లతో కడిగి, బెటడిన్ రాసి, మెష్ వెనకే ఉంచండి. మిగతావాటి కళ్ల ముందే ఉండాలి. పూర్తిగా దూరం తీసుకెళ్తే మళ్లీ పరాయిదైపోతుంది.

మొదటి రోజు గంట, రెండో రోజు రెండు గంటలు, ఇలా పెంచుకుంటూ పోతే వారంలో పగలంతా కలిసి తిరుగుతాయి. మామిడి తోట, చెనిక్కాయ చేను ఉన్నవాళ్లకు ఈ పని చాలా తేలిక. వాటిని తోటలో వదిలితే ఆకుల కింద పురుగుల కోసం గీరుకోవడంలో పడి గొడవ మరిచిపోతాయి.

పుంజు ఉంటే సాయమే. మంచి పుంజు పెట్టల మధ్య గొడవకు అడ్డం వెళ్తుంది. అయితే బరువైన పుంజు చిన్న పెట్టలను తొక్కి, వీపు గీరేస్తుంటే నాలుగు రోజులు దాన్ని వేరే కట్టేయండి.

రాత్రి గూట్లోకి

పగలు కలిసి తిరగడం అలవాటయ్యాకే రాత్రి ఒకే గూడు. చీకట్లో కోడికి సరిగా కనిపించదు, కదలదు. అప్పుడు కొత్తవాటిని ఎత్తి కర్ర మీద పాతవాటి పక్కన కూర్చోబెట్టండి. పెద్దవాళ్లు చెప్పే రాత్రి పద్ధతిలో ఉన్న నిజం ఇదే, కాకపోతే అది చివరి మెట్టు. రాత్రి ప్రశాంతంగానే గడుస్తుంది. ప్రమాదం తెల్లవారుజామున ఉంది. వెలుగు రాగానే, తలుపు ఇంకా తీయకముందే, ఇరుకు గూట్లో పొడుచుకుంటాయి. మొదటి వారం పది రోజులు మీరు వెలుగు రేఖ కంటే ముందే లేచి తలుపు తీయాలి. లేవలేమనుకుంటే ఈ మెట్టును వాయిదా వేయండి.

మేత లెక్క

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. గుడ్లు పెట్టే కోళ్ల మేత, అంటే లేయర్ మేతలో, గుడ్డు పెంకు కోసం సున్నం ఎక్కువ కలుపుతారు, సుమారు మూడున్నర నుంచి నాలుగు శాతం. ఎదిగే పెట్టలకు ఒక శాతం చాలు. ఎక్కువైతే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కలిపాక అందరికీ గ్రోయర్ మేత, అంటే ఎదిగే కోళ్ల మేత వేసి, నత్తగుల్లల పొడి వేరే గిన్నెలో పెట్టండి. గుడ్లు పెట్టేవి తమకు కావాల్సినంత తింటాయి, చిన్నవి పెద్దగా ముట్టుకోవు. తవుడు, రాగులు, చెనిక్కాయ చెక్క ఇంట్లో కలిపి వేసేవాళ్లూ సున్నాన్ని విడిగానే ఉంచాలి. చెక్కకు బూజు పట్టి ఉంటే మాత్రం పారేయండి, ఆ విషం కోళ్ల కాలేయాన్ని తినేస్తుంది.

కొత్త పెట్టలు కడుపునిండా తింటున్నాయో లేదో తెలుసుకోవడం సులువు. సాయంత్రం గూటికి చేరాక ఛాతీ పైన, మెడ మొదట్లో కుడివైపు ఉండే మేతసంచిని వేళ్లతో తడమండి. నిండుగా, మెత్తగా ఉండాలి. ఖాళీగా ఉంటే ఎవరో మేత దగ్గరకు రానివ్వడం లేదని అర్థం. మూడో గిన్నె పెట్టండి.

ఒకటి మాత్రం వదలకపోతే

రెండు వారాలైనా ఒక్క పాత పెట్ట వెంటపడి తరుముతూనే ఉంటే చాలామంది దెబ్బలు తినేదాన్ని వేరు చేస్తారు. నా మాట వినండి, కొట్టేదాన్ని తీయండి. మూడు నాలుగు రోజులు మిగతావాటికి కనిపించని చోట గంప కింద ఉంచి, మేత, నీళ్లు బాగా పెట్టండి. అది లేనప్పుడు గుంపు కొత్త వరస కట్టుకుంటుంది. తిరిగి వచ్చేటప్పటికి అదే కొత్తదవుతుంది, దాని పొగరు చాలావరకు తగ్గుతుంది. రెండోసారి కూడా మారకపోతే దాన్ని ఒంటరిగా పెంచే ఇంకో ఇంటికి ఇవ్వడం మేలు.

చిన్న పిల్లలైతే ఇంకో దారి

మీ ఇంట్లో పొదుగుకు వచ్చిన పెట్ట ఉంటే ఈ మెట్లలో చాలావాటి అవసరం ఉండదు. రెండు మూడు రోజుల పిల్లలను తెచ్చి, రాత్రి చీకట్లో, దాని కింద ఉన్న గుడ్లు ఒక్కొక్కటిగా తీస్తూ వాటి బదులు పిల్లలను పెట్టండి. తెల్లారేసరికి తన పిల్లలే అనుకుంటుంది. పొద్దున మాత్రం దగ్గరుండి చూడాలి, కొన్ని పెట్టలు ఒప్పుకోక పొడుస్తాయి. ఒప్పుకుందంటే తల్లి చాటున పెరిగిన పిల్లలను గుంపు పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంటుంది. రెండు నెలల తర్వాత తల్లి తరిమేసే రోజుకు వాటికి గుంపులో చోటు కుదిరి ఉంటుంది.

ఏ దారిలో కలిపినా మొదటి నెల గుడ్లు తగ్గుతాయి, పాతవి వారం పాటు పూర్తిగా మానేసినా కంగారు వద్దు. కొత్త పెట్టలు గుడ్ల బుట్టల్లో నిద్రపోతుంటే సాయంత్రం బుట్టలు మూసేసి పొద్దున తెరవండి, లేకపోతే ఆ అలవాటు పోదు. తురాయి ఎర్రబడి, మీరు దగ్గరకు వెళ్తే వీపు వంచి కూర్చుంటున్నాయంటే గుడ్డుకు వస్తున్నట్టే. అప్పుడు బుట్టలో ఒక ఉత్తుత్తి గుడ్డు పెట్టి, మేతను మెల్లగా లేయర్‌కు మార్చండి.